మీ ఊపిరి లెక్క మీకు తెలుసా?

మా ఆవిడకు గుండెజబ్బు ఉందని నాకు తెలిసింది మా ఊరి ఆసుపత్రిలో కాదు. కొరియా దేశానికి దక్షిణాన, సముద్రం మధ్యనున్న జెజు అనే ద్వీపంలో, ఒక కొండ మెట్ల మీద తెలిసింది. ముప్పయ్యేళ్లుగా ప్రభుత్వాసుపత్రిలో రోజూ వందమంది రోగుల్ని చూస్తున్న డాక్టరు తన ఇంట్లోని రోగిని దాదాపు మూడు నెలలపాటు చూడలేకపోయాడు. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది. అయినా రాస్తున్నాను. ఇది చదివి ఏ ఒక్క ఇంట్లోనైనా భర్త భార్యను, భార్య భర్తను నాలుగు ప్రశ్నలు అడిగితే నా సిగ్గుకు ఫలితం దక్కినట్లే. ఆ నాలుగు ప్రశ్నలేమిటో తర్వాత చెబుతాను.

మూడు రోజుల సరదా

మా అమ్మాయి, అల్లుడు కొరియాలో సియోల్‌కు దక్షిణాన ఉన్న సువోన్ నగరంలో ఉద్యోగాలు చేస్తున్నారు. మూడేళ్లుగా రమ్మని ఒకటే పోరు. ప్రభుత్వోద్యోగి విదేశానికి వెళ్లాలంటే సెలవు ఒక్కటే చాలదు, పైవారి అనుమతి కాగితం కూడా కావాలి. అన్నీ కుదిరి 2024 ఏప్రిల్ మొదట్లో బయల్దేరాం.

వెళ్లిన వారానికి అమ్మాయి మా ఇద్దరికీ విమానం టిక్కెట్లు చేతిలో పెట్టింది. "నాన్నా, పెళ్లయి ముప్పయ్యేళ్లయింది. మీరిద్దరూ కలిసి ఎక్కడికైనా వెళ్లారా? అమ్మను తీసుకుని మూడు రోజులు జెజు చూసిరండి" అంది. నిజమే. మా ప్రయాణాలన్నీ పెళ్లిళ్లకు, మొక్కులకు, పరామర్శలకే గాని సరదాకి వెళ్లింది లేదు.

సియోల్‌లోని గింపో విమానాశ్రయం నుంచి జెజుకు గంటా పది నిమిషాల ప్రయాణం. తూర్పు నుంచి పడమరకు 73 కిలోమీటర్ల పొడవున్న ద్వీపమది. అగ్నిపర్వతాలు కక్కిన లావాతో ఏర్పడింది. నడిమధ్య హల్లాసాన్ అనే పర్వతం 1,947 మీటర్ల ఎత్తున నిలబడి ఉంటుంది. దక్షిణ కొరియాలో అంతకన్న ఎత్తయిన కొండ లేదు. ఈ పర్వతాన్నీ, లావా ప్రవహించి తొలిచిన గుహలనూ, సొంగ్‌సాన్ ఇల్చుల్‌బొంగ్ అనే తీరపు కొండనూ కలిపి యునెస్కో 2007లో ప్రపంచ వారసత్వ సంపదగా ప్రకటించింది.

జెజులో మూడు ఎక్కువని అక్కడివారి సామెత. రాళ్లు, గాలి, ఆడవాళ్లు. రాళ్లు, గాలి సంగతి దిగిన అరగంటలోనే తెలిసిపోయింది. పొలాల గట్లన్నీ నల్లరాళ్లతో పేర్చినవే. ఊరి మొగదల నల్లరాతి తాతయ్యల బొమ్మలు గుడ్లు మిటకరించి చూస్తుంటాయి. గాలి మాత్రం చెవుల్లోంచి దూరి గుండెల్లోకి దిగుతుంది. మన దగ్గర ఏప్రిల్ అంటే పంఖా కింద కూడా చెమటలు. అక్కడ స్వెట్టరు మీద శాలువా కప్పుకున్నా వణుకే. రోడ్డు పక్కన ఎటు చూసినా పసుపుపచ్చని పూలచేలు. "మన ఆవచేలే కదండీ" అని మా ఆవిడ సంబరపడింది. అవి ఆవాల జాతికి చెందిన మొక్కలే.

మొదటి రోజు సాయంత్రం దక్షిణ తీరాన సొగ్విపో పట్నంలోని చొంజియొన్ జలపాతానికి వెళ్లాం. 22 మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు పడతాయి. దారంతా చదునుగా ఉంటుంది. మా ఆవిడ హాయిగా నడిచింది, ఫోటోలు తీయించుకుంది. నాకు ఏ అనుమానమూ రాలేదు.

మెట్ల మీద

రెండో రోజు తూర్పు తీరాన ఇల్చుల్‌బొంగ్. ఆ పేరుకు సూర్యోదయ శిఖరమని అర్థం. సుమారు 5,000 సంవత్సరాల కిందట సముద్రం అడుగున అగ్నిపర్వతం పేలి పైకి లేచిన కొండ. పైన పెద్ద గిన్నెలాంటి గొయ్యి. దాని అంచు చుట్టూ కోట బురుజుల్లా మొనదేలిన రాళ్లు. ఎత్తు 180 మీటర్లే. మామూలు మనిషి అరగంటలో ఎక్కేస్తాడు. కాని దారి చాలాభాగం నిట్టనిలువు మెట్లే.

పొద్దున హోటల్లో కడుపునిండా తిన్నాం. కారు డ్రైవరు ఫలానా టైముకు తిరిగి రమ్మన్నాడు కాబట్టి తిన్న వెంటనే బయల్దేరి ఎక్కడం మొదలుపెట్టాం. ఎదురుగాలి. సగం దూరం ఎక్కేసరికి మా ఆవిడ మూడుసార్లు ఆగింది. నాలుగోసారి, "ఏమండీ, మీరు వెళ్లి చూసిరండి. నేనిక్కడ పూలు చూస్తూ కూర్చుంటాను" అంది.

నేనేమన్నానో చెప్పమంటారా? "ఇంతదూరం వచ్చి, ఇంత డబ్బు పోసి, పైకి రానంటే ఎలా? ఇంట్లో కూర్చుని కూర్చుని ఒళ్లు వచ్చేసింది. నడువు" అన్నాను.

నడిచింది. పైకి వచ్చాక నేను సముద్రాన్ని చూస్తున్నాను. అది చూడదగ్గ దృశ్యమే. పక్కకి తిరిగి చూస్తే మా ఆవిడ రెయిలింగు పట్టుకుని, ఎడమ దవడ మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. అంత చల్లగాలిలో నుదుటిమీద చెమట. "ఏమైంది?" అంటే, "ఏం లేదు, గ్యాసు పైకి తన్నింది" అంది. ఐదు నిమిషాలు కూర్చోగానే తగ్గిపోయింది. నేనూ గ్యాసే అనుకున్నాను. ఇదే మాట ఓపీలో ఎవరైనా రోగి చెప్పి ఉంటే నేను అలా అనుకునేవాణ్ణి కాదు.

ఊపిరి లెక్క తెలిసిన ఆడవాళ్లు

కిందికి దిగాక సముద్రం ఒడ్డున కూర్చున్నాం. అక్కడ హేన్యో అనే ఆడవాళ్లు మునకలు వేసి చూపిస్తారు. జెజులో మూడోది ఎక్కువ అన్నది వీళ్ల గురించే కావచ్చు. తరతరాలుగా ఈ ద్వీపంలో సముద్రంలో మునిగి చిప్పలు, నత్తలు, సముద్రపు పాచి ఏరుకొచ్చి సంసారాలు ఈదినవాళ్లు ఈ ఆడవాళ్లే. ఆక్సిజన్ సిలిండరు ఉండదు. ఊపిరి బిగబట్టి పది మీటర్ల లోతు దాకా వెళతారు. ఒక్కో మునకా నిమిషం పాటు. ఇప్పుడు ఈ పని చేస్తున్నవారిలో ఎక్కువమంది అరవై దాటినవారే, ఎనభై దాటినవాళ్లూ ఉన్నారు. యునెస్కో 2016లో వీరి సంస్కృతిని కూడా మానవజాతి వారసత్వంగా గుర్తించింది. పైకి తేలగానే బిగబట్టిన ఊపిరిని ఈల వేసినట్టు వదులుతారు. దాన్ని సుంబిసోరి అంటారు. పక్షి కూతలా ఉంటుంది.

మా పక్కన ఒక గైడు యాత్రికులకు ఇంగ్లీషులో వివరిస్తున్నాడు. హేన్యోలలో మూడు తరగతులున్నాయట. ఎవరి ఊపిరిని బట్టి వారి లోతు. పక్కవాళ్లు లోతుకు వెళ్లారని తానూ వెళ్లకూడదు. ఒంటరిగా దిగకూడదు, ఎప్పుడూ తోడు ఉండాలి. ఊపిరి అయిపోవస్తుండగా రాతి సందున ఇంకొక్క చిప్ప కనబడుతుంది. దానికోసం ఆశపడి చెయ్యి చాస్తే నీళ్లలోనే ఊపిరి పీల్చవలసి వస్తుంది. దాన్ని ముల్‌సుమ్ అంటారు, అంటే నీటి ఊపిరి. ఆ ఊపిరి పీల్చినవాళ్లు పైకి రారు. అందుకే కొత్తగా దిగేవాళ్లకు పెద్దవాళ్లు చేపలు పట్టడం కంటే ముందు చెప్పే మాట, నీ ఊపిరి లెక్క నువ్వు తెలుసుకో అని.

ఈ మాటలు నేను తెలుగులో మా ఆవిడకు చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "ఏమండీ, పైన వచ్చినది గ్యాసు కాదేమో. సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి మేడమీద బట్టలు ఆరవేయడానికి వెళ్తుంటే ఇలాగే వస్తోంది. ముందు నెలకి ఒకసారి వచ్చేది. ఇప్పుడు వారానికి రెండు మూడుసార్లు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ప్రయాణం పెట్టుకున్నాం. చెబితే మానేస్తారు. అమ్మాయి ఎంతో ఆశపడింది."

నాలుగు ప్రశ్నలు

అప్పుడు ఆ ఒడ్డున కూర్చుని, నేను రోజూ ఓపీలో అడిగే నాలుగు ప్రశ్నలు అడిగాను. ఎక్కడ వస్తోంది? ఏం చేస్తే వస్తోంది? ఎంతసేపు ఉంటోంది? ఏం చేస్తే తగ్గుతోంది?

ఛాతీ మధ్య బరువు, అక్కడినుంచి దవడకు. మెట్లెక్కితే, నీళ్లబిందె మోస్తే. నాలుగైదు నిమిషాలు. కూర్చుంటే తగ్గిపోతుంది.

వైద్య కళాశాలలో మూడో సంవత్సరం చదివే కుర్రాడు కూడా చెప్పగలడు, ఇది గుండెనొప్పి అని. గుండె కండరానికి రక్తం తీసుకువెళ్లే నాళాలు ఇరుకైపోతే, విశ్రాంతిగా ఉన్నప్పుడు ఆ రక్తం సరిపోతుంది. శ్రమ చేసినప్పుడు సరిపోక నొప్పి వస్తుంది. ఈ నొప్పిని పైకి తీసుకొచ్చేవి ముఖ్యంగా నాలుగు. శ్రమ, కడుపునిండా భోజనం, చలిగాలి, ఆదుర్దా. ఆ రోజు పొద్దున నేను ఈ నాలుగూ కలిపి మా ఆవిడకు పెట్టాను.

ఇంకొక సంగతి. గుండెనొప్పి అంటే సినిమాల్లోలా గుండె పట్టుకుని కూలిపోవడమని అందరూ అనుకుంటారు. ఆడవాళ్లలోనూ, చక్కెర వ్యాధి ఉన్నవారిలోనూ చాలాసార్లు అలా ఉండదు. ఆయాసం, విపరీతమైన నిస్సత్తువ, దవడలోనో వీపులోనో భుజంలోనో నొప్పి, వికారం, చెమట. ఇలా వస్తుంది. గ్యాసనీ, నీరసమనీ, వయసనీ సరిపెట్టుకుంటారు. మా ఆవిడకు పదేళ్లుగా చక్కెర వ్యాధి ఉంది, బి.పి. కూడా ఉంది.

ఎప్పుడో ఒకసారి వచ్చే నొప్పి తరచుగా రావడం మొదలైతే ఆలస్యం చేయకూడదు. సాయంత్రమే సొగ్విపోలోని ఒక ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్లాను. అమ్మాయి ఫోనులో కొరియా భాషలోకి చెబుతూ వచ్చింది. ఇ.సి.జి. తీశారు, మామూలుగానే ఉంది. ఇక్కడ పాఠకులు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. నొప్పి లేనప్పుడు తీసిన ఇ.సి.జి. బాగుందంటే గుండె బాగుందని అర్థం కాదు. అక్కడి డాక్టరు కూడా దాంతో ఆగలేదు. గుండె కండరం దెబ్బతిన్నదీ లేనిదీ తెలిపే రక్తపరీక్షను కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చేశారు. దెబ్బ తినలేదు. మందులిచ్చి, మెట్లు, బరువులు, చలిగాలి వద్దని, వీలైనంత త్వరగా యాంజియోగ్రాం చేయించమని చెప్పారు.

మూడో రోజు హల్లాసాన్ అడవిబాటల్లో నడవాలని అనుకున్నాం. అది మానేశాం. హోటలు కిటికీ దగ్గర రెండు కుర్చీలు వేసుకుని, ఆ ద్వీపంలో పండే కమలాపళ్లు ఒలుచుకు తింటూ సముద్రం చూస్తూ కూర్చున్నాం. ఎన్నో ఏళ్లకు మేమిద్దరం అంతసేపు మాట్లాడుకున్నాం. చూడవలసినవి చాలా చూడలేదు గాని, మూడు రోజుల్లో మా ఇద్దరికీ నచ్చిన రోజు అదే.

డాక్టర్లు విమానప్రయాణానికి అభ్యంతరం లేదన్నాక సెలవు తగ్గించుకుని తిరిగి వచ్చేశాం. ఆ వారంలోనే యాంజియోగ్రాం చేయించాం. ఒక నాళం చాలావరకు మూసుకుపోయి ఉంది. స్టెంటు వేశారు. ఇప్పుడు బాగానే ఉంది. రోజూ సాయంత్రం నాతోపాటు నడుస్తోంది. నేనే వెనకబడుతున్నాను.

బయల్దేరే ముందు

ఈ రోజుల్లో పిల్లలు పైదేశాల్లో ఉండటం వల్ల యాభై, అరవై ఏళ్ల దంపతులు చాలామంది ఇలాంటి ప్రయాణాలు చేస్తున్నారు. అనుభవం మీద కొన్ని జాగ్రత్తలు చెబుతాను.

ప్రయాణానికి నెల ముందే ఇద్దరూ బి.పి., చక్కెర చూపించుకోండి. ఇంట్లో రెండంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కి చూడండి. ఛాతీలో బరువు, దవడనొప్పి, మునుపు లేని ఆయాసం వస్తే వెంటనే ఆపి, టిక్కెట్లు కొనే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మందులు మొత్తం ప్రయాణానికి సరిపడా, పైగా ఒక వారానికి అదనంగా తీసుకోండి. అన్నీ చేతిసంచిలోనే ఉండాలి. ఇన్సులిన్‌ను విమానంలో కింద వేసే పెట్టెలో పెట్టకండి, అది గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది. డాక్టరు చీటీలో మందు కంపెనీ పేరు కాక, అసలు మందు పేరు ఉండేలా రాయించుకోండి. నిద్రమాత్రలు, గట్టి నొప్పిమాత్రలలో కొన్నింటిని కొరియాలోకి తీసుకువెళ్లాలంటే ముందుగా అక్కడి ప్రభుత్వ అనుమతి కావాలి. అలాంటివి వాడేవారు ముందే విచారించుకోవాలి.

కొరియా గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. రోజుకొకసారి వేసుకునే బి.పి. మాత్ర అక్కడి టైము ప్రకారం పొద్దున వేసుకుంటే సరిపోతుంది. ఇన్సులిన్ తీసుకునేవారు మాత్రం మోతాదుల సంగతి డాక్టరును అడిగి రాయించుకోవాలి. విమానంలో గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి, కాళ్లు కదుపుతూ ఉండండి. కదలకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టవచ్చు.

అక్కడి తిండిలో మనకు దొరికేది అన్నం, దొరకనిది పప్పు. రకరకాల కూరలు అన్నం మీద పేర్చి ఇచ్చే బిబింబాప్ అనే వంటకాన్ని మాంసం, గుడ్డు లేకుండా అడిగి పుచ్చుకోవచ్చు. కిమ్చీ అనే ఊరగాయలోనూ, పులుసుల్లోనూ ఉప్పు జాస్తి, బి.పి. ఉన్నవాళ్లు రుచి చూసి వదిలేయాలి. శాకాహారులు తెలుసుకోవలసినది, కిమ్చీలో తరచుగా చేపలతోనో రొయ్యలతోనో చేసిన రసం కలుపుతారు. చక్కెర వ్యాధికి మందులు వాడేవారు ఎక్కువ నడిచిన రోజున భోజనం ఆలస్యం చేస్తే చక్కెర పడిపోవచ్చు. చేతులు వణికి, చెమట పట్టి, కళ్లు తిరిగితే వెంటనే పంచదారో గ్లూకోజో నోట్లో వేసుకోవాలి. ఆ పొట్లం భార్యాభర్తలిద్దరి దగ్గరా విడివిడిగా ఉండాలి.

మెట్లున్న చోటికి తిన్న వెంటనే వెళ్లకండి, గంటన్నర ఆగండి. చలిగాలి ఉంటే మెడ, ఛాతీ కప్పుకోండి. ఎక్కుతూ మాట్లాడగలిగినంత నిదానంగా ఎక్కండి. మాట ఆగిపోతోందంటే కాళ్లు ఆపాలి. ఇల్చుల్‌బొంగ్‌ను కింద పచ్చిక బయలు నుంచి చూసినా అందంగానే ఉంటుంది. ఆ సంగతి నాకు దిగాక తెలిసింది.

ఛాతీలో నొప్పో బరువో కూర్చున్నా తగ్గకపోతే, చెమటలు పడుతుంటే హోటలుకు వెళ్లి పడుకుందామనుకోకండి. కొరియాలో అంబులెన్సుకు 119, యాత్రికుల సహాయానికి 1330. మన దగ్గర 108. పెద్ద వయసువాళ్లు ప్రయాణబీమా లేకుండా దేశం దాటవద్దు.

చివరిగా, ఇవన్నీ పాటించినా ఒకటి మిగిలే ఉంటుంది. కలిసి వెళ్లిన ఇద్దరూ ఒకరికొకరు దాచుకోకూడదు. సరదా చెడుతుందని భార్య చెప్పదు, డబ్బు దండగవుతుందని భర్త వినడు. ఆ సముద్రంలో మునిగే ముసలమ్మలు ఈ తప్పు చేయరు. ఊపిరి చాలకపోతే చిప్పను వదిలేసి పైకి వస్తారు, రేపు మళ్లీ మునగవచ్చని.

మీరు జెజు వెళ్లకపోవచ్చు. గుడి మెట్లయినా ఎక్కుతారు, మేడ మెట్లయినా ఎక్కుతారు. మీ పక్కన ఎక్కే మనిషి మధ్యలో ఆగి "మీరు వెళ్లండి" అంటే, దయచేసి నాలా మాట్లాడకండి. మీరు కూడా ఆగండి. పక్కన కూర్చుని ఆ నాలుగు ప్రశ్నలు అడగండి. ఎక్కడ? ఏం చేస్తే? ఎంతసేపు? ఎలా తగ్గుతోంది? జవాబులు తీసుకుని మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.